లెక్క సరిపోయింది

మా కాలేజీ సైకిల్ జట్టులో లెక్క నా పని. దారిలో బండి ఎక్కడ ఆగినా, మళ్లీ కదిలే ముందు వెనక ట్రైలర్ తాళం తీసి, టార్చి వేసి, ఒక్కో సైకిల్ సీటునూ వేలితో తాకుతూ లెక్కపెట్టాలి. ఎనిమిదీ ఉంటే తాళం వేసి "లెక్క సరిపోయింది" అని కేకెయ్యాలి. ఆ కేక వినపడందే బండి కదలకూడదు.

ఈ నియమం ఊరికే రాలేదు. అంతకుముందు ఏడాది ఒక మోటెల్ ముందు ఆపిన ట్రైలర్‌లోంచి రాత్రికి రాత్రి ఒక సైకిల్ పోయింది. కార్బన్ ఫ్రేము రేసు సైకిలంటే మన డబ్బులో రెండు మూడు లక్షల మాట. అది పోగొట్టుకున్న అమ్మాయి రెండేళ్లు క్యాంపస్ క్యాంటీన్‌లో గిన్నెలు తోమి కొనుక్కుంది. తెల్లారి ఆ అమ్మాయి ట్రైలర్ ముందు కూలబడి ఏడుస్తుంటే చూసినవాణ్ణి. ఆ రోజే అనుకున్నాను, ఇక మా జట్టు సామానులో ఒక్క మేకు కూడా పోకూడదని.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ అంటే కోచ్‌లుంటారు, స్కాలర్‌షిప్‌లుంటాయి, ప్రత్యేకం బస్సులుంటాయి. సైకిల్ పందేలు ఆ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ గొడుగు కిందికి రావు. యూఎస్ఏ సైక్లింగ్ సంస్థ నిబంధనల ప్రకారం ఎక్కువ చోట్ల విద్యార్థులే క్లబ్బు పెట్టుకుని నడుపుకుంటారు. ఈశాన్య రాష్ట్రాల జట్లకు ఈస్టర్న్ కాలేజియేట్ సైక్లింగ్ కాన్ఫరెన్స్ ఉంది. వసంతం వచ్చిందంటే శని ఆదివారాల్లో పందేలు, ఒక్కో వారం ఒక్కో కాలేజీ దగ్గర. శుక్రవారం చివరి క్లాసు అవగానే బండి కట్టాలి, నడిరాత్రికి చేరాలి, రెండు రోజులు తొక్కాలి, ఆదివారం రాత్రి మళ్లీ రోడ్డెక్కాలి. డ్రైవర్లం మేమే, మెకానిక్కులం మేమే, వంటవాళ్లం మేమే.

జట్టులో తెలుగువాళ్లం ఇద్దరం. నాది ఖమ్మం. రెండోవాడు నెల్లూరు పక్కన కోవూరు కుర్రాడు. ఎమ్మెస్ మొదటి ఏడు. చేరి రెండు నెలలే అయింది. ఊళ్లో ఉన్నప్పుడు పెన్నా వంతెన మీదుగా రోజూ నెల్లూరు కాలేజీకి సైకిల్ మీదే వెళ్లొచ్చేవాడట. "వంతెన మీద ఎదురుగాలి కొడితే సైకిల్ నిలబడిపోద్ది అన్నా, అక్కడే అలవాటైపోయింది" అనేవాడు. సొంత రేసు సైకిల్ లేదు. క్లబ్బులో పాత అల్యూమినియం సైకిల్ ఒకటుంటే అది ఇప్పించాను. దాన్ని ప్రతి రాత్రీ తుడిచి, గొలుసుకు నూనె పెట్టి మరీ పడుకునేవాడు. మనది కాని వస్తువు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలంటాడు.

బుధవారం సాయంత్రాలు మేం కలిసి తొక్కే సవారీకి ఒక మాట ఉంది. ఎవరినీ దారిలో వదలం. ఒకరు వెనకబడితే అందరం ఆగుతాం. వాడు చేరిన మొదటి రోజు ఆ మాట వాడికి చెప్పింది నేనే.

ఏప్రిల్ మొదట్లో ఒక శుక్రవారం న్యూజెర్సీ నుంచి బయల్దేరాం. డెలావేర్ నది వంతెన దాటి, ఐ-80 మీద పోకోనో కొండలెక్కి, పెన్సిల్వేనియా నడిమధ్య కొండల్లో ఉన్న ఒక యూనివర్సిటీ ఊరికి చేరేసరికి రాత్రి పదకొండున్నర. ఖర్చు కలిసొస్తుందని గదికి నలుగురం. దొంగతనం భయంతో సైకిళ్లను కూడా గదుల్లోకి తెచ్చుకున్నాం. మా గదిలో రెండు మంచాలు, నాలుగు సైకిళ్లు. వాటిని గోడవారగా పెట్టాక మిగిలిన చోటులో, మంచానికీ చక్రాలకూ నడుమ, దుప్పటి పరుచుకుని పడుకున్నది వాడే. రాత్రి నీళ్లకు లేస్తే ఫోను వెలుగులో వాడి తల పక్కన నా సైకిల్ పెడల్ కనిపించింది. జరగమని లేపుదామనుకున్నాను. బాగా నిద్రలో ఉన్నాడని ఊరుకున్నాను.

శనివారం పొద్దున జట్టు టైమ్ ట్రయల్. నలుగురు ఒకరి చక్రం వెనక ఒకరు, జానెడు ఎడంలో వెళ్లాలి. ముందువాడు గాలిని చీలిస్తే వెనకవాళ్లకు మూడోవంతు దాకా శ్రమ తప్పుతుంది. అందుకే అరనిమిషానికో నిమిషానికో ముందువాడు పక్కకు తప్పుకుని వెనక్కి వస్తాడు, రెండోవాడు ముందుకు వస్తాడు. ఈ పందెంలో గడియారం ఆగేది మూడో మనిషి గీత దాటినప్పుడు. నాలుగోవాడు లెక్కలో లేడు.

చివరి మూడు మైళ్లు ఎదురుగాలి. నా వంతు వచ్చినప్పుడు తొడలు కాలిపోతున్నాయి. కోవూరు కుర్రాడు చెయ్యి ఊపి నన్ను ముందుకు రానివ్వలేదు. తన వంతు అయిపోయినా తలొంచుకుని తొక్కుతూనే ఉన్నాడు. వాడి వీపు వెనక నాకు గాలి తగల్లేదు. ఆఖరి ఎత్తు మొదలవగానే పక్కకు ఒరిగి, "పొండన్నా" అన్నాడు. మేం ముగ్గురం గీత దాటి, టైము చూసుకుని కేకలు పెట్టుకున్నాం. వాడెప్పుడొచ్చాడో నాకు తెలీదు.

ఆదివారం రోడ్డు పందెం. సామర్థ్యాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ అని తరగతులుంటాయి. మేమిద్దరం సీ. నలభై మైళ్లు, అంటే 64 కిలోమీటర్లు. చలికాలంలో మంచు మీద చల్లిన కంకర ఇంకా రోడ్డు అంచుల్లో ఉంది. ఒక మలుపు దిగుతుంటే నా ముందు చక్రం బుస్సుమంది. యాభై మంది గుంపు నన్ను దాటి పోతోంది. విడి చక్రాలు తెచ్చే బండి ఎక్కడో వెనక ఉంది. నా పని అయిపోయిందనుకుని దిగాను.

గుంపులోంచి ఒకడు ఆగాడు. వాడే. తన సైకిల్‌ను గడ్డి మీద తిరగేశాడు. ఇరుసు మీది మీట లాగి, చక్రం ఊడదీసి, నా ఫోర్కులో పెట్టి మీట బిగించాడు. ముందు చక్రాన్ని ఒకసారి తిప్పి బ్రేకు రాసుకోవడం లేదని చూశాడు. గ్రీజు అంటిన చేత్తో నా సీటు పట్టుకుని పది అడుగులు పరిగెత్తి తోశాడు. అంతా అరనిమిషం. వద్దని ఒక్కసారన్నా అనాల్సింది. అనలేదు. రెండు మైళ్లు ప్రాణం పెట్టి తొక్కి గుంపును అందుకున్నాను. ఏడో స్థానం వచ్చింది. జట్టుకు పాయింట్లొచ్చాయి. గోడకు అంటించిన ఫలితాల కాగితంలో వాడి పేరు చిట్టచివర ఉంది. పక్కన డీఎన్ఎఫ్ అని మూడక్షరాలు. పందెం పూర్తి చెయ్యలేదని అర్థం. పంక్చరైన నా చక్రం భుజాన వేసుకుని, ఇంకో చేత్తో సైకిల్ మోసుకుంటూ నడిచొచ్చాడు. "ఏడా అన్నా!" అని నాకంటే వాడే ఎక్కువ సంతోషపడ్డాడు.

రాత్రి ఏడున్నరకు బయల్దేరాం. బండి నడిపేవాడి పక్కన కూర్చున్నవాడు నిద్రపోకూడదు. ఆ డ్యూటీ నాది. కుర్రాడు చివరి సీట్లో ఒక్కడే, సంచుల మధ్య దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఛార్జింగు అయిపోయిందని ఫోను ముందుకిచ్చి నా దగ్గర ఛార్జింగుకు పెట్టించాడు. తొమ్మిదింబావుకు పెట్రోలుకు ఆగాం. సగం మంది లేవనే లేదు. నేను ట్రైలర్ తలుపు తీసి లోపలికి వంగి లెక్కపెడుతున్నాను. అయిదు, ఆరు.

"అన్నా, నేను..." అని వెనక వాడి గొంతు.

చెయ్యెత్తి ఆపాను. "ఉండరా, లెక్క తప్పుద్ది."

ఏడు. ఎనిమిది. తాళం వేసి లాగి చూశాను. "లెక్క సరిపోయింది!" అని కేకేశాను. బండి కదిలింది.

రాత్రి పదయింది. నెల్లూరులో సోమవారం పొద్దున ఏడున్నర. నా దగ్గరున్న వాడి ఫోను వెలిగింది. "అమ్మ" అని తెలుగక్షరాలు. పందెమైన ప్రతి ఆదివారం రాత్రీ ఆమె ఫోను చేస్తుంది. అందరూ లేస్తారని నేనే ఎత్తాను. పడుకున్నాడమ్మా అన్నాను.

"లేపొద్దులే అబ్బయా, అలిసిపోయుంటాడు. దెబ్బలేమీ తగల్లేదు గదా? పక్కన నువ్వుండావు, నాకింక దిగుల్లేదు."

మీరేం బెంగపడకండమ్మా, నేను చూసుకుంటాను అని చెప్పి పెట్టేశాను. లేచినప్పుడు కనబడేలా ఫోను వాడి తల పక్కన పెడదామని సీట్ల మధ్యగా వెనక్కి వెళ్లాను. దుప్పటి మీద చెయ్యి వేశాను. చెయ్యి లోపలికి దిగిపోయింది. దుప్పటి కింద హెల్మెట్టూ సంచీ ఉన్నాయి.

బండి తిప్పాం. వచ్చిన నలభై మైళ్లూ వెనక్కి వెళ్లాలి. ఫోను మా దగ్గర, మనిషి అక్కడ. ఎవరూ నిద్రపోలేదు, ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, "అన్నా, నేను" దగ్గర ఆగిపోయిన ఆ మాట.

పెట్రోలు బంకులో సగం దీపాలు ఆర్పేశారు. ఐసు పెట్టె పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నాడు, పందెం జెర్సీ మీద పల్చటి చొక్కాతో. రెండు చేతుల్లో రెండు కాగితం కప్పులు, మూతలు పెట్టి. బండి నడిపేవాడికొకటి, మేలుకుని ఉండే నాకొకటి. రెండూ చల్లారిపోయాయి.

బండి పూర్తిగా ఆగకముందే తలుపు తీసుకుని దూకి పరిగెత్తాను. వాడు నన్ను చూడలేదు. నన్ను దాటి వెనక ట్రైలర్ వైపు చూశాడు. మొహంలో కంగారు. ఎత్తిపొడుపు కాదు. రెండు నెలలుగా మమ్మల్ని చూస్తున్నవాడు, నిజంగానే అడిగాడు.

"ఏమైందన్నా, తిరిగొచ్చారు? సైకిలేమన్నా తక్కువొచ్చిందా?"

లేదు. సైకిళ్లు ఎనిమిదీ ఉన్నాయి.