పాట ఆపి ఇంజిన్ వినండి

ఇప్పటి కుర్రాళ్లు కారెక్కగానే చేసే మొదటి పని పాట పెట్టడం. తాళం తిప్పుతారు, అద్దాలెత్తుతారు, ఏసీ వేస్తారు, పాట మొదలు. రాత్రంతా చల్లబడిన ఇంజిన్ చెప్పాల్సిన సంగతులన్నీ ఆ మొదటి నిమిషంలోనే చెబుతుంది. వినేవాడు లేడు. మా రోజుల్లో ఆ నిమిషం పూర్తిగా బండిదే. చోక్ లాగి, సెల్ఫ్ కొట్టి, దిగి బానెట్ ఎత్తి నిలబడేవాళ్లం. ఇంటాయన కాఫీ గ్లాసుతో పక్కకొచ్చి, "ఏమంటోందయ్యా ఇవాళ?" అని అడిగేవాడు. బండి ఏదో ఒకటి అంటూనే ఉంటుందని ఆయనకీ తెలుసు.

నేను పని నేర్చుకున్నది తెనాలిలో, కాలవ గట్టు దగ్గర ఒక రేకుల షెడ్డులో. అప్పట్లో వచ్చేవి అంబాసిడర్లు, ఫియట్లు. రైసు మిల్లుల వాళ్లవి, డాక్టర్లవి, పెళ్లిళ్లకు తిరిగే అద్దె కార్లు. చేరిన కుర్రాడికి మేస్త్రి వెంటనే పానా చేతికిచ్చేవాడు కాదు. ముందు కిరసనాయిలుతో సామాను కడగాలి. తర్వాత వినాలి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిన్ మీద పెట్టి, పిడి చెవి దగ్గరి ఎముకకు ఆనించి, డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు ఒక్కో చోట ఆగి వినాలి. టాపెట్ కవరు మీద ఒక రకం, డైనమో మీద ఒక రకం, వాటర్ పంపు మీద ఇంకో రకం. "ఏరా, ఎక్కడ?" అంటే వేలు పెట్టి చూపించాలి. తప్పు చూపిస్తే తిట్టేవాడు కాదు, మళ్లీ వినమనేవాడు.

1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందించారు. ఆ బండి మా షెడ్డు దాకా వచ్చేసరికి పెద్ద మేస్త్రీలు సైతం బానెట్ ఎత్తి ఆలోచనలో పడ్డారు. 796 సీసీ, మూడే సిలిండర్లు, ఇంజిన్ అడ్డంగా, లాగేవి ముందు చక్రాలు, టైమింగ్ చెయిన్ బదులు రబ్బరు బెల్టు. అంతా కొత్తే. అయినా కొద్ది రోజుల్లోనే చెవి పట్టేసింది. మూడింటిలో ఒక సిలిండరు పడిపోతే బండి మొత్తం వణుకుతుంది. ఏది పడిందో తెలియాలంటే ఇంజిన్ నడుస్తుండగా, షాక్ కొట్టని పట్టకారుతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి పెట్టాలి. ఏ వైరు తీసినప్పుడు చప్పుడు మారలేదో, ఆ సిలిండరు పనిచేయడం లేదు. దీనికి పైసా ఖర్చు లేదు. ఇవాళ మూడు ప్లగ్గులు, వైర్లు, కాయిలు అన్నీ కలిపి మార్చేసి, అప్పుడు చూద్దాం అంటున్నారు.

శబ్దాలకు లెక్క ఉంది. ఇంజిన్ పైభాగంలో సన్నగా టిక్ టిక్ మంటూ, ఇంజిన్ తిరిగే వేగానికి సగం లయలో కొడుతుంటే అవి టాపెట్లు. క్యామ్‌షాఫ్ట్ సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి ఆ లయ. వాటిని ముట్టుకునే ముందు డిప్‌స్టిక్ తీసి చూడాలి, ఆయిలు తక్కువైనా అదే చప్పుడు. టిక్ టిక్ చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వినిపించి, వేడెక్కాక తగ్గిపోతే ఎగ్జాస్ట్ మానిఫోల్డు గాస్కెట్ చూడాలి. ఇనుము వేడికి సాగి ఆ సందు మూసుకుంటుంది. పొద్దున్నే కీచుమని కాసేపటికి ఆగిపోయేది ఫ్యాన్ బెల్టు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటుంటే కట కట మనేది ముందు యాక్సిల్ జాయింటు. రబ్బరు బూటు చిరిగి, గ్రీజు పోయి, ఇసుక చేరిందన్నమాట. బాపట్ల నుంచి సూర్యలంక వెళ్లొచ్చే బండ్లలో దీన్ని ఎక్కువ చూశాను. క్లచ్ తొక్కితే వచ్చే మూలుగు రిలీజ్ బేరింగుది, తొక్కితే పోయే మూలుగు గేర్‌బాక్సుది. ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా అడుగు నుంచి దబ్బు దబ్బుమని బరువుగా వచ్చేది మాత్రం విన్న చోటే బండి ఆపేయాలి. అది బిగ్ ఎండ్ బేరింగు. ఇంటిదాకా నడిపిద్దాం అనుకుంటే క్రాంక్‌షాఫ్ట్ కూడా పోతుంది.

తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వెళ్లే దారిలో కాలవ వంతెనలున్నాయి. పిట్టగోడ పక్కగా అద్దం దించుకుని నెమ్మదిగా వెళితే చక్రాల చప్పుడు గోడకు తగిలి చెవికి తిరిగొస్తుంది. ట్రయలు వేయడానికి మేస్త్రి మమ్మల్ని ఆ వంతెనల మీదికే తీసుకెళ్లేవాడు. ఇప్పుడు 216వ జాతీయ రహదారి రేపల్లె, బాపట్ల మీదుగా ఒంగోలు దాకా పోతోంది. రోడ్డు బాగుంది, సంతోషమే. కానీ ఆ రోడ్డు మీద అద్దాలెత్తుకుని పోయేవాళ్లకు బేరింగు పాడైన సంగతి చక్రం ఊగేదాకా తెలియడం లేదు.

చప్పుడు చేసేవాటికన్నా చేయనివాటికే నేను ఎక్కువ భయపడతాను. వదులైన టాపెట్ గోల చేస్తుంది, దానివల్ల వెంటనే వచ్చే నష్టం తక్కువ. మరీ బిగిసిన టాపెట్ మాట్లాడదు. వాల్వు పూర్తిగా మూసుకోక, వేడి దిగక, అంచు కాలిపోతుంది. గ్యాస్ కిట్ పెట్టించిన బండ్లలో వాల్వు సీటు అరిగి టాపెట్లు అలాగే బిగుస్తాయి. "ఇంజిన్ ఎంత మెత్తగా ఉందో చూడండి" అని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు కంగారు. టైమింగ్ బెల్టూ అంతే. తెగే ముందురోజు కూడా చక్కగా తిరుగుతుంది. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, మార్చలేదనే లెక్క.

ఈ మధ్య రేపల్లె వైపు నుంచి ఒక మాస్టారు తన మారుతి తెచ్చారు. ముందు నుంచి గరగర. వేరేచోట చూపిస్తే ఇంజిన్ అయిపోయింది, విప్పాలి, లేదంటే తుక్కుకిచ్చేయండి అన్నారట.

"బెల్టు తీసి చూశారా మాస్టారూ?" అన్నాను.

"లేదు మేస్త్రీ. కంప్యూటరు పెడదామన్నారు, పెట్టడానికి దీంట్లో చోటు లేదన్నారు."

కార్బొరేటర్ బండి అది, అందులో కంప్యూటరు ఉండదు. ఫ్యాన్ బెల్టు తీసేసి అర నిమిషం స్టార్ట్ చేశాను. నీళ్లు తిరగవు కనుక అంతకన్నా ఎక్కువసేపు నడపకూడదు. గరగర మాయమైంది. అంటే రోగం ఇంజిన్‌ది కాదు, ఆ బెల్టు తిప్పేవాటిలో ఒకదానిది. ఆల్టర్నేటర్ పుల్లీ చేత్తో తిప్పితే నున్నగా తిరిగింది. వాటర్ పంపు పుల్లీ పట్టుకు కదిపితే ఊగింది, పంపు అడుగున తుప్పు నీటి చార. రేడియేటర్ మూత తీస్తే ఎర్రటి నీళ్లు. బోరు నీళ్లు పోస్తున్నారట. ఆ సముద్రపు వైపు బోర్లలో చాలాచోట్ల ఉప్పదనం ఉంటుంది. అది పంపును తింటుంది, అల్యూమినియం హెడ్డునూ తింటుంది. కూలెంటు పోయమని ఆయనకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. పంపు మార్చి, ఎలాగూ విప్పాం కనుక టైమింగ్ బెల్టూ వేసి, రేడియేటర్ కడిగి పంపించాను. ఇంజిన్ విప్పాలన్నవాళ్ల మీద నా కోపం ఇంకా తగ్గలేదు. చెవి పెట్టకుండా ఒక మనిషి చేత అంత ఖర్చు పెట్టించబోవడం తప్పు.

ఇక పరదా కింద పడుకున్న బండ్లు. తెనాలిలో, బాపట్లలో ఎన్ని ఇళ్లలో చూడండి, పిల్లలు అమెరికాలో ఉంటారు, నాన్నగారి 800 పోర్టికోలో ఉంటుంది. సంక్రాంతికి వస్తున్నామని ఫోను రాగానే బ్యాటరీ తెప్పించి సెల్ఫ్ కొట్టేస్తారు. అలా చేయవద్దు. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో నాలుగు చుక్కల ఆయిలు వేసి, క్రాంక్ పుల్లీకి పానా పెట్టి చేత్తో తిప్పాలి. పాత పెట్రోలు దించేయాలి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను చెడగొడుతుంది, అందుకని పైపులన్నీ కొత్తవి వేయాలి. వరి పొలాల పక్క ఇళ్లయితే ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడాలి. ఇవన్నీ ఇంజిన్ సంగతి. నేనైతే వాటికన్నా ముందు బ్రేకులు చూస్తాను. బ్రేక్ ఆయిలు కూడా తేమ పీలుస్తుంది, బ్రేక్ సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. ఆ తర్వాత ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు, బెల్టులు, టాపెట్లు. పెయింటు, సీటు కవర్లు చివర్న. ఇప్పుడు అందరూ చివరిది ముందు చేయిస్తున్నారు.

15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలంటే ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్‌లో దాన్ని 5,000 చేశారు. పొగ కక్కే బండి రోడ్డు మీద ఉండకూడదు, అందులో నాకు వేరే మాట లేదు. నీలం పొగ వస్తుంటే ఆయిలు కాలుతోంది, బాగు చేయించాలి, లేదా వదిలేయాలి. కానీ ఫీజుకు భయపడి మంచి బండిని తుక్కుకు ఇచ్చేస్తుంటే గుండె తరుక్కుపోతుంది. మా ఊరి శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత బండ్ల నట్లు, బోల్టులు, గేరు చక్రాలతో విగ్రహాలు చేస్తారు. 2021లో ప్రధాని మోదీ విగ్రహం 14 అడుగులది చేశారు. ఆ పనితనం చూసి ఊరంతా గర్వపడింది, నేనూ పడ్డాను. అరిగిన ఇనుముకు అంతకన్నా మంచి గతి లేదు. అరగని ఇనుము మాత్రం ఇంకా రోడ్డు మీదే ఉండాలి.

2014 జనవరిలో మారుతి 800 తయారీ ఆగిపోయింది. ఆ ఏడాదే అంబాసిడర్ కూడా ఆగింది. ఇక కొత్తవి రావు. ఉన్నవాటిని విని బాగుచేసే చేతులూ తగ్గిపోతున్నాయి. నా దగ్గరికి పనికొచ్చే కుర్రాళ్లకు ఫోనులో స్కానర్ చూడటం వచ్చు. అదీ కావాల్సిందే, సెన్సరు పోతే అదే చెబుతుంది. టాపెట్ వదులైన సంగతి అది చెప్పదు. అందుకని వాళ్లకు మొదటి నెల స్కానర్ ఇవ్వడం లేదు, పొడుగాటి స్క్రూడ్రైవరే ఇస్తున్నాను.

మా వైపు పాత 800 ఉన్నవాళ్లు బండి చూపించాలనుకుంటే ముందురోజు సాయంత్రమే తెచ్చి వదిలివెళ్లండి. పాత బిల్లులు ఏమున్నా పట్టుకురండి, బెల్టు, ఆయిలు ఎప్పుడు వేశారో వాటిల్లో ఉంటుంది. దారిలో ఏ వేగంలో, ఏ గేరులో చప్పుడొచ్చిందో కాగితం మీద రాసుకు రండి. పొద్దున్నే నడుపుకుంటూ వస్తే ఇంజిన్ వేడి మీద ఉంటుంది, వేడి మీద టాపెట్ కొలత వేరు. అది చల్లారేదాకా మీరూ నేనూ మధ్యాహ్నం వరకు కూర్చోవాల్సి వస్తుంది.