మేడిపండులో పుట్టినదాన్ని

వేమన పద్యం పుణ్యమా అని తెలుగువాళ్లందరికీ నేను బడిలోనే పరిచయం. మేడిపండు పొట్ట విప్పితే కనబడే పురుగుని నేనే. కందిరీగల వంశం, రెండు మిల్లీమీటర్ల ఒళ్లు. పండు చీకట్లో పెరిగి ఈ తెల్లవారుజామునే బయటపడ్డాను. రెక్కల్లేని నా అన్నదమ్ములు పండు గోడ తొలిచి దారి చేసి ప్రాణాలు విడిచారు. ఆ దారి పట్టే ముందే రొమ్ము కింది సంచుల్లో పుప్పొడి నింపుకున్నాను.

నా పుట్టిల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో, దత్తాత్రేయుడి గుడి వెనకాల. రెక్కలు సర్దుకుంటుండగా ఒక బాటనీ మేడమ్ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు.

"మేడమ్, ఇది రావేనా?" అంది ఒకమ్మాయి.

"ఆకు గిల్లి చూడమ్మా, పాలొస్తాయి. కొమ్మ కణుపు చుట్టూ ఉంగరంలా మచ్చ ఉందా? పూలన్నీ లోపలే దాచుకున్న గుండ్రటి కాయ కూడా ఉంటే అది మర్రి, రావి, జువ్వి, మేడి కోవలోదే. ఇక ఆ కాయ ఎక్కడ కాసిందో చూడు."

మర్రికీ రావికీ ఆకు మొదట్లో జంటకాయలు. మర్రివి పండితే ఎర్రన, రావివి ఊదా నలుపు. రావి ఆకుకు పొడుగాటి తోక. రాళ్లలో పెరిగే కొండరావికి ఆ తోక పొట్టి. మా మేడి మాత్రం మొద్దుమీదే గుత్తులుగా కాస్తుంది. 1753లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామం రేసిమోసా, సామర్లకోటలో మొక్కలు పెంచిన రాక్స్‌బర్గ్ తరవాత పెట్టిన గ్లోమెరాటా, రెండూ ఆ గుత్తుల్ని చూసి పుట్టిన పేర్లే. ముందు పేరే నిలిచింది. బొమ్మమేడి కూడా మొద్దుమీద కాస్తుంది గాని, దాని ఆకులు గరుకు, ఎదురెదురుగా ఉంటాయి. మేడి ఆకులు నున్నన, ఒకటి విడిచి ఒకటి. వాటిమీది బుడిపెలు చూసి మోసపోవద్దని మేడమ్ చెప్పడం నాకు నచ్చింది. అవి చెట్టువి కావు, ఇంకో పురుగు చేసినవి.

నాకు ఇదంతా వాసనతోనే తెలుస్తుంది. మెట్రో దారి పట్టుకుని చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటాను. పాత గోడ పగుల్లో రావి మొక్క, ఆ పక్కన కాయలతో పెద్ద రావి. అటు పోలేదు. దాని పురుగు వేరు. ప్రపంచంలో ఈ మర్రి, రావి, మేడి కోవ చెట్లు 800 జాతుల పైచిలుకు, చాలావాటికి సొంత పురుగు ఉంది. కోట్ల ఏళ్ల పొత్తు ఇది. వేమన పద్యంలో మాత్రం నేను పైపై మెరుగుకు సాక్ష్యమయ్యాను. అది నాకు కష్టంగానే ఉంటుంది. ఎందుకంటే నేను దూరని మేడికాయలో గింజ కట్టదు.

ఎల్‌బీ నగర్ దగ్గర గాలిలో మేడి వాసన తగిలింది. ఒక ఇంటి పెరట్లో మొద్దంతా పచ్చికాయలు. ఒకదాని కొసన సూదిమొనంత కన్ను, దాన్ని మూసి పొలుసులు. తల దూర్చాను. రెక్కలు పొలుసుల్లో చిక్కి ఊడిపోయాయి. లోపల చీకట్లో వేల పూలు, నా పుప్పొడి కోసం విచ్చుకుని ఉన్నాయి.