కత్తెర సంజీవని

అవతారిక

కొలచల మల్లినాథ సూరి మెదక్ సీమలోని కొల్చారం వాడు. కాళిదాసు కావ్యాలకు తాను రాసిన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు పెట్టాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిన కవి వాక్కును లేపి కూర్చోబెట్టడం తన పని అన్నాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు కూడా పెట్టుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాత ఆయన దగ్గర పేరు తీసుకున్నాడు గానీ ఒట్టు తీసుకోలేదు. అటకల మీద మూర్ఛపోయి పడున్న పెళ్లికార్డులను లేపి కూర్చోబెట్టే విద్య గురించి కనుక ఇది ‘కత్తెర సంజీవని’. ఒట్టుకు కట్టుబడితే నాలుగు పంక్తుల్లో ముగిసేది. పత్రికవారు అంతకు ఒప్పుకోరు.

మూలపద్యం మా పెద్దవదిన సంక్రాంతికి స్వయంగా తయారుచేసి పంపిన గ్రీటింగు కార్డు వెనక పక్క దొరికింది. ఛందస్సు ఆటవెలది. కర్త వదినేనని ఒక వర్గం, ఆవిడ అత్తగారని మరొక వర్గం. ఇద్దరూ కాదనడం లేదు.

మూలం

పాత పెండ్లి కార్డు పదిలముగా దాచి
బెండకాయ తోడఁ బెట్టి ముద్ర
మంచి మాట రాసి మడిచిన చాలదా
కొన్న కార్డుకేల కోరికమ్మ?

ప్రతిపదార్థం

పాత = పని తీరిన. చిరిగిన, మాసిన అని అర్థం చెప్పినవారు ఉన్నారు. అది తగదు. శుభలేఖ పాతబడడానికి ఏళ్లు అక్కర్లేదు, ముహూర్తం దాటితే చాలు. తొమ్మిదింటికి జీలకర్రా బెల్లం పెట్టారంటే తొమ్మిదీ ఒక నిమిషానికి అది పాత కార్డు. ఇంతకన్నా త్వరగా పాతబడే కాగితం ఎన్నికల కరపత్రం ఒక్కటే. అది బొత్తిగా పల్చన, పైగా దాని నిండా దండాలు పెట్టే మొహాలు. గ్రీటింగుకు పనికిరాదు.

పెండ్లి కార్డు = శుభలేఖ. కవయిత్రి గడుసుతనమంతా ఇక్కడే ఉంది. ఇంట్లో కాగితాలకు కరువా? నెల దాటిన క్యాలెండరు షీట్లున్నాయి, కొత్త చొక్కా మడతలో వచ్చే అట్టలున్నాయి, పూతరేకుల డబ్బాలున్నాయి. అవన్నీ వదిలి దీన్నే ఎందుకు పట్టుకుంది? మొదటి కారణం దళసరి. జిరాక్సు కాగితం చదరపు మీటరుకు 70, 80 గ్రాములు తూగితే శుభలేఖ అట్ట 250, 300 గ్రాములు కూడా తూగుతుంది. నిలబెడితే నిలబడుతుంది. రెండో కారణం ధర్మసంకటం. శుభలేఖ నెత్తిన వినాయకుడో వెంకటేశ్వరస్వామో ఉంటాడు, నాలుగు మూలలా పసుపు ఉంటుంది. చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాదు. పాతపేపర్ల వాడికి తూకానికి వెయ్యడానికీ రాదు. దాచుదామంటే ఒక్క మాఘమాసానికే కట్టెడు పోగవుతాయి. అలా తెలుగువారి అటకల మీద దేవుళ్లు కట్టలు కట్టలుగా కాలం గడుపుతున్నారు. ఆ బొమ్మను జాగ్రత్తగా కత్తిరించి కొత్త కార్డు నెత్తిన అతికిస్తే స్వామికి బదిలీయే గానీ ఉద్వాసన కాదు. పండితులు తేల్చలేని సంగతిని ఆవిడ కత్తెరతో తేల్చింది.

మరి పసుపు మరక? అది దోషమా, గుణమా? నవీనులు దోషమంటారు, మూలలు కోసి పారేస్తారు. మరికొందరు సబ్బునీళ్లతో తుడుస్తారు. అప్పుడది పోకపోగా ఎర్రబడుతుంది. పసుపుకు సున్నం తగిలితే ఎరుపెక్కుతుందని దిష్టికి ఎర్రనీళ్లు కలిపే ప్రతి ఇంటికీ తెలుసు. సబ్బుది కూడా సున్నం గుణమేనని మాత్రం కార్డు పాడయ్యాక గానీ తెలియదు. మా వదిన పద్ధతి వేరు. మరక ఉన్న మూల కొత్త కార్డులో కుడివైపు పైకి వచ్చేలా అట్టను కోసింది. మరక చుట్టూ నారింజ రంగుతో సన్నని గీతలు గీసింది. మరక సూర్యుడైపోయింది. సంక్రాంతి కార్డు కదా మరి! ఈ వ్యాఖ్యాత ఓటు వదినకే. అట్ట ఏ ఇంటి పెళ్లి నుంచి వచ్చిందో ఎక్కడో ఒకచోట తెలియనివ్వాలి. ఆనవాలంతా చెరిపేసి నున్నగా తయారుచేస్తే, అంత కష్టపడి దుకాణంలో దొరికేదే తయారుచేసినట్టు.

పదిలముగా దాచి = పరుపు కింద పెట్టి. చుట్ట చుట్టి దాచినది పదిలం కాదు, మళ్లీ సాపు కాదు.

బెండకాయ తోడన్ = బెండకాయతో. యతి కుదరడం కోసం బంగాళాదుంపను కాదని బెండకాయను తెచ్చిందని కొందరు తేలిగ్గా కొట్టిపారేశారు. వాళ్లు ఎన్నడూ ముద్ర వేసి ఎరగరు. దుంపనైతే చెక్కాలి. బెండకాయను అడ్డంగా ఒక్క కోత కోస్తే చాలు, ఐదు రేకుల పువ్వు సిద్ధం, రేకు రేకులోనూ గింజ గది. అయితే ఏ బెండకాయ? ఇక్కడ పాకశాస్త్రానికీ ముద్రాశాస్త్రానికీ విరోధం ఉంది. కూరకు లేతది కావాలి. బజారులో కొన విరిచి చూస్తాం, టప్పున విరిగితే సంచీలో వేస్తాం. ముద్రకు విరగనిది కావాలి. లేతకాయ నొక్కగానే నలుగుతుంది, జిగురు వదులుతుంది, ఆ జిగురు రంగులో కలిసి రేకులన్నీ ఒకదాంట్లోకి ఒకటి కారిపోతాయి. అందుకని వదిన ముదురు కాయలే ఏరుతుంటే కూరలమ్మే ఆవిడ కాసేపు చూసి, “అవి పీచమ్మా, కూరకు రావు” అని చెప్పి, వినకపోయేసరికి జాలిపడి ధర తగ్గించింది.

ప్రయోగం: కోసిన ముఖాన్ని పొడిగుడ్డతో ఒత్తి కాసేపు ఆరనివ్వాలి. రంగులో ముంచకూడదు. పళ్లెంలో తడిగుడ్డ మడతపెట్టి, దాని మీద రంగు పులిమి, కాయను అక్కడ అద్దుకోవాలి. మొదటి ముద్ర పాత పేపరు మీద వెయ్యాలి, ఎందుకంటే అందులో రంగు ఎక్కువై గింజ గదులు పూడిపోతాయి. రెండోది కార్డు మీద వెయ్యాలి. మూడోది కాస్త వెలిసినట్టు పడుతుంది. దాన్ని వెనక వరసలో వేస్తే దూరాన పూసిన పువ్వులా కనబడుతుంది. ఇంకో మాట, శుభలేఖకు మెరిసే వైపు మీద నీళ్ల రంగు నిలవదు, జారిపోతుంది. లోపలి గరుకు వైపే ముద్రకు యోగ్యం.

ముద్ర పెట్టి = అద్ది. కృష్ణా జిల్లా పెడనలో టేకు చెక్క మీద అచ్చులు చెక్కి కలంకారీ బట్టల అద్దకం చేస్తారు. మచిలీపట్నం కలంకారీగా దానికి భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడ గీతకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. బట్ట మీద అచ్చు ఆనించి పైన చేత్తో గుద్దుతారు. ఇందులో మొదటి నియమం మనకూ శిరోధార్యం. ఒకే కాయను రెండు రంగుల్లో పెడితే రెండూ చెడతాయి. రెండోది మాత్రం వర్జ్యం. బెండకాయను గుద్దితే వచ్చేది ముద్ర కాదు, వేపుడుకు ముందు దశ. అక్షరాలు కావాలంటే పెన్సిలు రబ్బరు మీద బ్లేడుతో తిరగేసి చెక్కుకోవాలి. ‘శుభాకాంక్షలు’ అంతా చెక్కాలని కూర్చున్నవారు ‘క్ష’ దగ్గర రబ్బరు విరిగి ‘శుభం’తో సరిపెట్టుకోవడం లోకంలో ఉన్నదే.

మంచి మాట రాసి = స్పష్టం.

మడిచిన = మడిస్తే. ఇది చివరి పని అనుకోరాదు. ఛందస్సు కోసం చివరికి వచ్చింది గానీ చేతలో ఇదే మొదటిది. అట్టకు పోగు ఉంటుంది. నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొద్దిగా వంచి చూస్తే ఏ వైపు తేలిగ్గా లొంగుతుందో అదే పోగు దారి. ఆ దారిలో మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డం తిరిగితే పగిలి తెల్లటి పీచు బయటపడుతుంది. మడిచేముందు ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు వెంట ఒక గీత గట్టిగా లాగాలి. ఇంకు అయిపోయిన పెన్నులు ప్రతి ఇంట్లోనూ ఫోను పక్కన పుష్కలంగా ఉంటాయి.

కొన్న కార్డుకు = దుకాణపు కార్డుకు. దీని పుట్టుక చెప్పుకోవాలి. 1843లో లండనులో హెన్రీ కోల్ అనే ఆయనకు క్రిస్మస్ ఉత్తరాలన్నిటికీ జవాబులు రాసే తీరిక లేకపోయింది. జాన్ హార్స్లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ గీయించి, సుమారు వెయ్యి ప్రతులు అచ్చు వేయించి, తాను వాడుకోగా మిగిలినవి షిల్లింగుకొకటి చొప్పున అమ్మకానికి పెట్టించాడు. మొదటి క్రిస్మస్ కార్డు అదేనంటారు. అప్పట్లో ఉత్తరం పంపడానికి ఒక పెన్నీ, కార్డు కొనడానికి పన్నెండు. రాసే ఓపిక లేకపోవడానికి అంత ఖరీదు. తమాషా ఏమిటంటే, ఆ అచ్చు బొమ్మలకు రంగులు వేసింది చేత్తోనే. కొన్న కార్డుల వంశానికి మూలపురుషుడు సగం చేతిపని అన్నమాట. తర్వాత 1949లో యునిసెఫ్ వేసిన మొదటి కార్డు మీద బొమ్మ గీసింది చెకొస్లొవేకియాలో ఏడేళ్ల పిల్ల. యుద్ధం ముగిసిన రోజులు, కాగితం దొరక్క గాజుపలక మీద గీసింది. మన దగ్గర 1990లలో డిసెంబరు ఆఖరుకు ఫుట్‌పాత్‌ల మీద తాళ్లకు కార్డులు వేలాడేవి. కొన్ని విప్పితే పాడేవి. వాటిలో ఇంగ్లీషు కవిత్వం ముందే అచ్చయి ఉండేది, మనం కింద పేరు రాసి, కవరు అతికించకుండా ‘బుక్ పోస్ట్’ అని పైన రాసి పడేసేవాళ్లం.

ఏల కోరికమ్మ = ఎందుకమ్మా ఆశ? ఎవరీ అమ్మ? కూతురంటే ఒప్పుతుంది, కోడలంటే ఇంకా ఒప్పుతుంది. ‘కోరిక అమ్మ’ అని విడదీసి, కొనడం ఒకరిది, కోరికను అమ్మడం దుకాణదారుది అని శ్లేష చెప్పినవాడు మా బావగారు. ఆయన రిటైరయ్యారు, తీరిక ఎక్కువ.

తాత్పర్యం

అటక దింపండి. కొనకండి.

విశేషం

ఇక్కడ పెద్ద చిక్కు ఉంది. పద్యంలో రంగు అన్న మాటే లేదు. కార్డు చూస్తే రంగే ప్రాణం. మల్లినాథుడైతే ఇక్కడ గంటం కింద పెట్టేసేవాడు. మనం అధ్యాహారం చేసుకుని ముందుకు పోదాం.

భరతుడు నాట్యశాస్త్రంలో రసానికొక రంగు చెప్పాడు. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు పావురాయి రంగు, రౌద్రానికి ఎరుపు, భయానకానికి నలుపు, అద్భుతానికి పసుపు. ఈ లెక్కన ఎర్రటి అట్టకు పసుపు రాసిన మన శుభలేఖ రౌద్రం మీద అద్భుతం. పెళ్లిపనులు దగ్గరుండి చూసినవాళ్లెవరూ దీన్ని ఖండించలేదు.

కానీ కార్డు చేసేవారికి భరతుడికన్నా మ్యాచింగ్ సెంటరు ప్రమాణం. చీరకు ఒళ్లు, అంచు, కొంగు అని మూడు ఉన్నట్టే కార్డుకూ ఉన్నాయి, వాటి పాళ్లూ అవే. ఒళ్లంతా ఒక రంగు, అంచుకు కొంచెం, కొంగులో ఎక్కడో ఒక మెరుపు. వదిన కార్డులో ఒళ్లు శుభలేఖ లోపలి వైపుది, ఉల్లిపొర రంగు. కింద వరసగా బెండపూలు, వంగపండు రంగు. పైన ఆ పసుపు సూర్యుడు ఒక్కడు. వంగపండు రంగుకు పసుపు ఎదురు రంగు. సమానంగా వేస్తే రెండూ కొట్టుకుంటాయి, ఒకటి బోలెడంత ఉండి రెండోది బొట్టంత ఉంటే ఆ బొట్టే ముందు కంటపడుతుంది. వదినను అడిగితే ఈ సిద్ధాంతం ఏమీ చెప్పలేదు. “చిలకాకుపచ్చ వేసి చూశాను, నెమలికంఠం వేసి చూశాను, బాగాలేదు” అంది. వేసి చూసినవి ట్యూబులైటు కింద కాదు, వరండాలోకి తెచ్చి చూసింది. జాకెట్టు ముక్కను దుకాణం మెట్ల మీదకు తెచ్చి ఎండలో చీర పక్కన పెట్టి చూడని ఆడమనిషి తెలుగుదేశంలో ఉంటుందా? ట్యూబులైటు కింద ఒకటే అనిపించిన రెండు రంగులు ఎండలోకి రాగానే విడిపోతాయి.

ఒక్క హెచ్చరిక. ఈ కార్డును కిటికీ ఎదురుగోడకు తగిలించరాదు. వంటింటి పసుపు వెలుగుకు వెలిసిపోతుంది. సూర్యుడి బొమ్మను సూర్యుడే చెరిపేస్తాడు. ఇది విరోధాలంకారమని బావగారు, కెమిస్ట్రీ అని వాళ్లబ్బాయి.

శంకా సమాధానాలు

శంక: ఇందుకని కొందరు రకరకాల కత్తెరలు, పువ్వు ఆకారంలో చిల్లులు కొట్టే యంత్రాలు, పాతదిలా కనబడేలా కొత్తగా తయారుచేసిన కాగితం కొంటున్నారే? సమాధానం: అది వేరే మతం. ఆ మతంలో పొదుపు మీద ఎంతైనా ఖర్చు పెట్టవచ్చు.

శంక: పాత వధూవరుల పేర్లు వెనక కనిపిస్తే? సమాధానం: ఆ జంట కలిసి ఉన్నంతవరకు దోషం లేదు. లేదంటే ఉంది. కనుక ఎవరికైనా పెళ్లిరోజు కార్డు చేసేముందు చుట్టాల్లో ఒకసారి వాకబు చెయ్యాలి. పేర్లు పోగా అడుగున మిగిలే ‘బంధుమిత్రుల అభినందనలతో’ అన్న పంక్తిని మాత్రం వదలకూడదు. కత్తిరించి అతికిస్తే ఏ పండక్కయినా, ఎవరికైనా సరిపోతుంది, చేతిరాత బాగాలేనివారికి మరీ మేలు.

శంక: పోస్టులో పంపవచ్చునా? సమాధానం: పంపవచ్చు. 20 గ్రాముల వరకే ఐదు రూపాయల టికెట్టు. దేవుడు, పూసలు, చమ్కీ, మైదా జిగురు కలిసి ఆ గీత దాటతాయి కనుక ముందే తూచి తగిన టికెట్టు అంటించాలి. కవరుకు శుభలేఖ కవరునే అతుకులు విప్పి, లోపలి తెల్లవైపు బయటకు తిప్పి మళ్లీ అతికించాలి. ఇక ఆఖరి ముద్ర మన చేతిలో లేదు. అది తపాలా కార్యాలయం వారిది. రంగు నలుపు, భరతుడి లెక్కలో భయానకం. వేసే పద్ధతి మాత్రం పెడనది, గుద్దడమే.