సాంచె దిగిన ఫోర్కు ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది ఒక ఇనుప ముక్క. ‘నేను’ అనడం దానికి అలవాటు లేదు. సాంచె (మరమగ్గం) మీద ఉన్నన్నాళ్లూ అందరూ ‘ఫోర్కు’ అనే పిలిచారు కనుక ఇక్కడా ఆ పేరుతోనే చెప్పుకుపోతుంది. ఊరు భివండి, పేట పద్మనగర్. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలు తరాలుగా ఉంటున్న చోటది. అందుకే కార్ఖానా రొదలో హిందీ, మరాఠీలతో పాటు తెలుగూ దాని చెవిన పడుతూ వచ్చింది.

ఫోర్కుకి ముందు మూడు పళ్లు, వెనక ఒక కొక్కెం. నాడె వచ్చి పెట్టెలో పడగానే అది లాక్కొచ్చిన పేక, అంటే అడ్డపోగు, ఒక చిన్న జాలీకి అడ్డంగా నిలుస్తుంది. పన్నె ముందుకొచ్చి కొట్టినప్పుడు ఆ పోగు ఫోర్కు పళ్లను నెడుతుంది, వెనక కొక్కెం పైకి లేస్తుంది, దాన్ని పట్టుకోవడానికి వచ్చిన సుత్తి ఉత్త చేతులతో వెళ్లిపోతుంది. నాడెలోని కండె అయిపోయినా, పేక తెగినా పళ్లు జాలీ సందుల్లోకి దూరిపోతాయి. కొక్కెం లేవదు. సుత్తి దాన్ని పట్టి లాగుతుంది, హ్యాండిల్ ఊడుతుంది, సాంచె ఆగుతుంది. ఫోర్కుకి తెలిసింది ఈ ఒక్క సంగతే. రంగు కుదిరిందా, అంచు సరిగ్గా వచ్చిందా అన్నది దానికి పట్టదు. పడుగు (నిలువు పోగు) తెగినా పట్టదు. సాదా సాంచెల్లో అది చూసుకోవాల్సింది మనిషే. 1924లో జపాన్‌లో సకిచి టొయోడా తెచ్చిన ఆటోమేటిక్ మగ్గమైతే పడుగు తెగినా తనంతట తానే ఆగేది. దాని హక్కుల్ని 1929లో ఇంగ్లండ్‌కి చెందిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీ కొనుక్కుంది. ఆ గొప్పింటికి ఫోర్కు దూరపు చుట్టం.

సాంచెలు తూకానికి అమ్ముడుపోయిన రోజు నేతగాడు ఫోర్కుని ఊడదీసి జేబులో వేసుకున్నాడు. అలా అది ఇంటికొచ్చి, ఇంజినీరింగ్ చదువుతున్న ఆయన కూతురి టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా కూర్చుంది. అక్కడే జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో పరిచయమైంది.

ఆ పిల్ల తండ్రి కూలీ లెక్క కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. భివండిలో మీటరు గుడ్డకి కూలీని అంగుళంలోని పిక్కుకి (పేక పోగుకి) ఇన్ని పైసలని కట్టడం వాడుక. అంగుళానికి 50 పిక్కుల గుడ్డ, పిక్కుకి 12 పైసలు అనుకుంటే మీటరుకి 600 పైసలు, అంటే 6 రూపాయలు. ఈ లెక్క చేసే మెథడ్‌కి ఒక యూనిట్ టెస్ట్, అంటే ఆ ముక్క సరిగ్గా పనిచేస్తుందో చూసే పరీక్ష, రాయమని కాలేజీలో చెప్పారు.

దానికి వాడే జేయూనిట్ పుట్టుక ఫోర్కుకి బాగా నచ్చింది. 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో కెంట్ బెక్, ఎరిక్ గామా పక్కపక్కన కూర్చుని దాన్ని రాశారు. అంతకుముందే బెక్ స్మాల్‌టాక్ భాషకి అలాంటిదొకటి చేసి ఉన్నాడు. 2006లో నాలుగో వెర్షన్‌తో మెథడ్ మీద ‘@టెస్ట్’ అని గుర్తు పెడితే చాలన్న సౌకర్యం వచ్చింది. ఐదో వెర్షన్ 2017లో వచ్చింది.

మొదలుపెట్టడానికి పెద్ద తతంగం లేదు. మేవెన్ ప్రాజెక్టులో అసలు కోడ్ ‘మెయిన్’ ఫోల్డర్లో, పరీక్షలు ‘టెస్ట్’ ఫోల్డర్లో ఉంటాయి. ఒక క్లాసు, అందులో ఒక మెథడ్, దాని మీద ఆ గుర్తు, లోపల ‘అసర్ట్ ఈక్వల్స్’ అని ఒకే వరుస. రావలసిన జవాబు ముందు, వచ్చిన జవాబు తర్వాత రాయాలి. తారుమారు చేసినా పరీక్ష పాసవుతుంది గానీ, తప్పిన రోజు చూపించే సందేశం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ పిల్ల 50 పిక్కులు, 100 మీటర్లు ఇచ్చి 600 రావాలని రాసింది. తెర మీద పచ్చగీత వచ్చింది.

“బాపూ, పాసయింది!”

తండ్రి చాయ్ గ్లాసు కింద పెట్టి తెర వైపు చూశాడు. “పోగు తెంపి చూసినవా బిడ్డా?”

ఆయన అడిగింది తెలిసిన విద్యే. కొత్త ఫోర్కు బిగించిన మిస్త్రీ సాంచె నడుస్తుండగా పేకను కావాలని తెంపుతాడు. సాంచె ఆగితేనే పానా సంచిలో వేసుకుంటాడు. ఒక్కసారైనా తప్పి ఎర్రగీత చూపని పరీక్ష బిగించీ బిగించని ఫోర్కు లాంటిదని ఈ ఇనుప ముక్క గట్టి అభిప్రాయం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఈ పనే.

ఆ పిల్ల కోడ్‌లో గుణకారం తీసి కూడిక పెట్టింది. ఎర్రగా వచ్చింది. మళ్లీ సరిచేసింది, పచ్చబడింది. తండ్రి ఊరుకోలేదు. “యాభై ఎందుకు, మనం నేసింది యాభైరెండు గదా” అన్నాడు. 52 పెట్టింది. రావలసింది 624, వచ్చింది 600 అని తెర మీద పడింది.

తప్పు ఎక్కడుందో ఫోర్కు తన చోటు నుంచే చూసింది. పైసల్ని రూపాయలు చేయడానికి 624ని 100తో భాగించింది. రెండూ ‘ఇంట్’ రకం. జావాలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశం రాలిపోతుంది, 6.24 కాస్తా 6 అయి కూర్చుంటుంది. 50 పిక్కుల లెక్క 100కి సరిగ్గా పోయింది కాబట్టి మొదటి పరీక్షకి ఆ లోపం కనపడలేదు. ఫోర్కుకి ఇదీ కొత్త కాదు: అది సాంచెకి ఒక పక్కన మాత్రమే ఉండేది, రెండు పిక్కులకోసారే పోగును తడిమేది, మధ్యలో పోయిన పిక్కు దాని లెక్కలోకి రాదు. 100 మీటర్లకి 24 రూపాయలు మింగిన లెక్క అది. ‘డబుల్’ రకానికి మారిస్తే ఇంకో చిక్కు, అందులో 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు. చివరికి లెక్కంతా పైసల్లోనే నడిపి, రూపాయల్లోకి మార్చడం చూపించేటప్పటికి వదిలింది. రావలసిన జవాబుల్నీ పైసల్లోకి మార్చాక రెండు పరీక్షలూ పాసయ్యాయి. మీటర్లు మైనస్‌లో ఇస్తే మెథడ్ ఒప్పుకోకూడదని ‘అసర్ట్ త్రోస్’తో మూడోది చేర్చింది.

నాలుగోది అడ్వాన్సు కోత. వారం కూలీ 2,000, తీసుకున్న అడ్వాన్సు 2,500 అయితే ‘రావలసిన జవాబు’ చోట ఏం రాయాలి? సున్నానా, మైనస్ 500నా? కోడ్ రాసినప్పుడు తట్టని ప్రశ్న పరీక్ష రాయబోతే అడ్డం పడింది. పిల్ల తండ్రిని అడిగింది. “చేతికి సున్నా బిడ్డా. అయిదొందలు సేఠ్ చిట్టీల వచ్చే వారానికి ఎక్కిస్తడు” అన్నాడాయన. అయితే మెథడ్ ఒక జవాబు ఇస్తే చాలదు, రెండు ఇవ్వాలి. ఆ పిల్ల ఫోర్కుని పక్కకి జరిపి, దాని కింది కాగితం లాక్కుని రెండు అంకెలూ రాసుకుంది.