పదహారు మా జన్మహక్కు

2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ ఒక మాటన్నారు. ఇకపై ఏసీలు 20 డిగ్రీల కిందికి దిగవు, 28 పైకి ఎక్కవు, ఆ మేరకు నిబంధన తెస్తున్నాం అని. అంతే, దేశం ఉడికిపోయింది. రోహిణి ఎండలకు కూడా అంత ఉడకలేదు.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అయితే ఎమర్జెన్సీయే. రోజూ తెల్లారగానే గులాబీ బొమ్మతో ‘చెట్లను కాపాడుదాం’ అని పంపే మొదటి అంతస్తు పెద్దాయన, ‘ప్రభుత్వానికి మా పడగ్గదిలో ఏం పనండీ?’ అని నిలదీశారు. ఆ పడగ్గదిలో ఏసీ 16 మీద ఉంటుంది. పెద్దాయన ముక్కుదాకా రగ్గు కప్పుకుని పడుకుంటారు. చలేస్తే ఏసీ తగ్గించరు, ఇంకో రగ్గు తీస్తారు. రెండూ డబ్బు పోసి కొన్నవే కదా! గదిలోంచి తోడిన వేడి ఎక్కడికి పోతుందంటారా? అవుట్‌డోర్ యూనిట్ సరిగ్గా వాచ్‌మన్ గది కిటికీ పైనే ఉంది.

అలాగని మావాళ్లకి పర్యావరణం పట్టదనుకునేరు! ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబితే అందరూ తలూపారు. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు ముందుగా 24 దగ్గరే మొదలవ్వాలని రూలు పెట్టినా కిక్కురుమనలేదు. రిమోట్ మీద కింది బాణం ఎనిమిదిసార్లు నొక్కితే సరి. ఆ బాణం పనిచేసినంతకాలం ఏ సంస్కరణకైనా మా సంపూర్ణ మద్దతు. ఎర్త్ అవర్‌కి గంటసేపు లైట్లన్నీ ఆర్పేస్తాం. చీకట్లో ఉక్కపోస్తుంది గనుక ఏసీ జోలికి పోం.

‘ముందు మంత్రుల ఛాంబర్లలో ఎంత పెట్టుకున్నారో చెప్పమనండి’ అన్నారొకరు. దీనికి నా దగ్గరా జవాబు లేదు. ‘అమెరికావాడిని అడగండి’ అన్నారింకొకరు. నిజమే, తలసరి లెక్కలో వాడు వదిలే కర్బనం మనకు ఎన్నో రెట్లు. మన తలసరి అంత తక్కువగా తేలడానికి వాచ్‌మన్ తల కూడా లెక్కలోకి రావడమే కారణమని గ్రూపులో ఎవరూ అనలేదు. వాచ్‌మన్ ఆ గ్రూపులో లేడు.

కొద్దిరోజులకే పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ అభయమిచ్చారు: అలాంటి పరిస్థితి వస్తే గిస్తే 2050 తర్వాతేనట. గ్రూపంతా చప్పట్ల బొమ్మలే. ఆ వారంలోనే పెద్దాయన హాల్లోకి ఇంకో ఏసీ దిగింది. ఫైవ్ స్టార్‌ది. పర్యావరణం కోసమేనట.