చక్రాల ఇంటికి గడ్డిమోపుల గోడ

మా రాజుపాలెంలో ఎవరైనా ఇల్లు అమ్ముకుని బండిలో కాపురం పెట్టాడంటే, అసలెంత, వడ్డీ ఎంతకు చేరింది అని అడుగుతారు. మిరప పోయిందా, బిడ్డ పెళ్లికి తెచ్చాడా, చీటీల వాడు ఊరొదిలి పారిపోయాడా అని ఆరా తీస్తారు. అదే పని అమెరికాలో చేస్తే జీవనశైలి అయిపోతుంది. ఇల్లమ్మి, సామాను పంచిపెట్టి, ఆర్వీ అనే చక్రాల ఇల్లు కొని, డిసెంబరు మంచులో అందులో కూర్చుని, ఎర్రబడ్డ ముక్కుతో 'అసలైన స్వేచ్ఛ అంటే ఇదే' అని వీడియో పెడితే లక్షలమంది చూస్తారు. ఆ చూసేవాళ్లలో మా పల్నాటి వాళ్లు బాగానే ఉంటారని నా అనుమానం. రెంటచింతల ఎండలో ఉడికినవాడికి, మంచులో ఎవడు ఏ అవస్థ పడుతున్నా కంటికి చల్లగానే ఉంటుంది మరి.

తెలుగువాడికి ఈ బండి కొత్తదేం కాదు. షూటింగు దగ్గర హీరోగారు షాటుకీ షాటుకీ మధ్య ఎక్కి తలుపేసుకునే క్యారవాను లాంటిదే. కాకపోతే ప్యాకప్ చెప్పగానే హీరోగారు జూబ్లీహిల్స్‌కి వెళ్లిపోతారు. మన స్వేచ్ఛాజీవి వండుకునేదీ, పడుకునేదీ, దొడ్డికి కూర్చునేదీ అంతా అందులోనే. ఆ మూడో పని ఫలితం బండి నేల కింద ఒక ట్యాంకులో చేరుతుంది. దాన్ని నల్ల ట్యాంకు అని మర్యాదగా పిలుస్తారు. అది నిండినప్పుడల్లా ఆయన బండిని ప్రత్యేకమైన చోటికి తోలుకెళ్లి, చేతికి తొడుగులు వేసుకుని, లావుపాటి గొట్టం తగిలించి ఖాళీ చేసుకోవాలి. స్వేచ్ఛ వీడియోల్లో ఈ ఘట్టం ఎప్పుడూ సంగీతం కింద గబగబా దాటిపోతుంది.

ఇది వేసవి ముచ్చట. చలికాలంలో ఆ ట్యాంకు గడ్డకడుతుంది. నేను ఇంతకంటే వివరించను, భోజనాల వేళ చదివేవాళ్లుంటారు.

మంచినీళ్ల సంగతీ అంతే. కుళాయి నుంచి బండికి వచ్చే గొట్టం రాత్రికి రాత్రి ఐసుకడ్డీ అయిపోతుంది కాబట్టి లోపల కరెంటు తీగ ఉన్న గొట్టం కొనాలి. నేల కింద ట్యాంకులకి వేడి పట్టీలు అతికించాలి. ఇదంతా మావల్ల కాదనుకున్నవాళ్లు నీళ్లు మొత్తం వదిలేసి, గొట్టాల్లో గడ్డకట్టని గులాబీ రంగు ద్రవం పోసి, స్నానానికి ఊళ్లోని జిమ్ముకి చందా కడతారు. ఇల్లున్నవాడు ఒళ్లు తగ్గడానికి జిమ్ముకి వెళితే, స్వేచ్ఛ ఉన్నవాడు ఒళ్లు కడుక్కోవడానికి వెళతాడు.

ఇక వెచ్చదనం. మన వంటింటి 14.2 కిలోల సిలిండరు అక్కడికి తీసుకెళితే పనికిరాదు. దాంట్లో బ్యూటేన్ పాలు ఎక్కువ, అది సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. అందుకని వాళ్లు ప్రొపేన్ వాడతారు. అది సున్నాకి 42 డిగ్రీల కిందిదాకా పొయ్యికి అందుతుంది. బాగానే ఉంది. కానీ కిలో ప్రొపేన్ మండితే కిలోన్నర పైగా నీటి ఆవిరి పుడుతుంది. పొగగొట్టం లేని పొయ్యి వెలిగిస్తే ఆ ఆవిరంతా బండిలోనే ఉండిపోతుంది. చాలా బళ్లలో రెండంగుళాలు దాటని గోడకి, కిటికీ అద్దానికి, పరుపు అడుగుకి చెమటలా పట్టి, నెల తిరిగేసరికి బూజు లేస్తుంది. బొగ్గుపులుసు వాయువు కంటే ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడ్ భయం ఒకటి, దానికో అలారం. మరి విరుగుడేమిటయ్యా అంటే, కిటికీ కాస్త తెరిచి ఉంచమంటారు. బండి వెచ్చబడాలంటే గ్యాసు వెలిగించాలి. గ్యాసు వెలిగిస్తే కిటికీ తెరవాలి. కిటికీ తెరిస్తే చలి వస్తుంది. చలి వస్తే గ్యాసు వెలిగించాలి. ఇలా రాత్రంతా గడిపి, పొద్దున్నే లేచి ప్రకృతితో మమేకమయ్యామని చెబుతారు. అవును మరి, గోడ మీద బూజు కూడా ప్రకృతే.

కరెంటు బాధ వేరే. పైకప్పు మీద సోలారు పలకలు, కింద లిథియం బ్యాటరీలు. పలకల మీద మంచు పడితే ఎక్కి ఊడ్చాలి. సున్నా కంటే చల్లబడ్డాక ఆ బ్యాటరీలకి చార్జింగు ఎక్కిస్తే పాడైపోతాయి కాబట్టి ముందు వాటిని వెచ్చబెట్టాలి, అంటే వాటిలో ఉన్న కరెంటునే వాటి చలి కాచడానికి ఖర్చుపెట్టాలి.

అన్నిటికంటే నాకు నచ్చింది చక్రాల సంగతి. బండి కిందనుంచి గాలి దూరి నేల గడ్డకడుతుందని, చలికాలం రాగానే చుట్టూ దడి కడతారు. డబ్బున్నవాడు నురగ పలకలు బిగిస్తాడు, లేనివాడు గడ్డిమోపులు పేరుస్తాడు. 'ఎక్కడికంటే అక్కడికి వెళ్లిపోవచ్చు' అని కొన్న బండి, నవంబరులో ఒకచోట నిలబడి, చక్రాలు గడ్డిలో పూడ్చుకుని, నెలనెలా స్థలానికి అద్దె కడుతూ ఏప్రిల్ దాకా కదలకుండా ఉంటుంది. కదలని గోడలు, కట్టాల్సిన అద్దె, పక్క బండిలో గురకపెట్టే పొరుగువాడు. దీన్ని మా ఊళ్లో అద్దిల్లు అంటారు. ఆ ఇంటి గోడలు మాత్రం తొమ్మిదంగుళాలు ఉంటాయి.

ఖర్చు కలిసొస్తుందని ఇంకో వాదన. స్థలం అద్దె, ప్రొపేను, వేడి గొట్టాలు, జిమ్ము చందా, బండి అప్పు వాయిదా, అన్నీ కాగితం మీద వేసి కూడితే ఆ వాదన వినిపించేవాళ్లు కాగితం ఎందుకు వాడరో అర్థమవుతుంది. ఇంటి విలువ ఎప్పటికైనా పెరుగుతుందన్న ఆశ ఉంటుంది. బండి విలువ షోరూము గేటు దాటినప్పటినుంచే దిగడం మొదలు.

ఈ గాలి మనవాళ్లకీ సోకింది. మూడు పడగ్గదుల ఇల్లు కొన్నప్పుడు గృహప్రవేశం వీడియో పంపినవాడే, ఇప్పుడు మంచులో ఆర్వీ ముందు నిలబడ్డ ఫొటో పంపుతున్నాడు. ఇక్కడ తల్లి ఆ ఫొటో చూసి ఏమంటుందో ఊహించడం కష్టం కాదు.

"ఏందిరా అబ్బాయ్, ఇల్లు ఖాళీ చేయించారా?"

"లేదమ్మా, మేమే వదిలేశాం. మినిమలిజం."

"అయ్యో, దానికి అక్కడ మందుల్లేవా?"

"జబ్బు కాదమ్మా, తక్కువతో బతకడం."

"ఎంత అప్పయిందో చెప్పు. మీ నాన్నకి చెప్పనులే."

ఆ తల్లిది అజ్ఞానం అనుకుంటే పొరపాటు. ఇల్లు ఎందుకు పోతుందో ఆమెకు బాగా తెలుసు. అమెరికాలోనూ ఆ కారణాలే ఉన్నాయి. 2008 ఆర్థిక పతనంలో ఇళ్లూ, దాచుకున్న సొమ్మూ పోగొట్టుకున్న ముసలివాళ్లు బళ్లలో కాపురాలు పెట్టి, పండగ సీజన్లో అమెజాన్ గోదాముల్లో పెట్టెలు మోస్తూ గడిపిన బతుకుల మీద జెస్సికా బ్రూడర్ 2017లో 'నోమాడ్‌లాండ్' పుస్తకం రాసింది. దాని మీద తీసిన సినిమాకి 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కారు వచ్చింది. వాళ్లలో చాలామంది చలికాలంలో చేసే పని, మన వీడియో వీరులు చేయనిది, ఒకటుంది. బండిని దక్షిణానికి, ఆరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్ లాంటి చోట్లకి తోలుకుపోతారు. చలి వేస్తే వెచ్చని చోటికి పోవడం కొంగలకి కూడా తెలుసు. చక్రాలున్నది అందుకే.

మన రాష్ట్రంలో బండిలో కాపురం గట్టిగా చేసినవాడు ఒక్కడున్నాడు, ఆయన్ని కాదనలేం. ఎన్టీ రామారావుగారు 1982లో పార్టీ పెట్టి, పాత షెవ్రొలే వ్యానుని చైతన్యరథం చేసుకుని, నెలల తరబడి దాంట్లోనే తిరిగి, దాంట్లోనే పడుకుని, రోడ్డు పక్కనే స్నానం చేశారు. చలికాలం వచ్చినా దిగలేదు. అయితే ఆయన ఎందుకు ఎక్కారో ఆయనకి తెలుసు, జనానికీ తెలుసు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. చలికాలపు బండి కాపురానికి ఇంతకంటే లాభసాటి ముగింపు ప్రపంచంలో ఇంకెవరికీ దక్కి ఉండదు. ఆయన కూడా అది స్వేచ్ఛ కోసమని ఎక్కడా చెప్పుకోలేదు.

పదవి లేకుండా, వీడియో లేకుండా బళ్లలో బతికేవాళ్లు మా చుట్టూ ఎప్పుడూ ఉన్నారు. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద కొండమోడు దగ్గర నిలబడితే లారీ క్యాబిన్లలో పడుకున్న డ్రైవర్లు కనిపిస్తారు. సంక్రాంతి దాటి మిరప ఎర్రబడగానే కోసిగి వైపు నుంచి కర్నూలు జిల్లా కుటుంబాలు బియ్యం మూటలు, బిందెలు, పిల్లలతో సహా వాహనాల్లో వచ్చి చేల గట్ల మీద పట్టాలు కప్పుకుని దిగుతాయి. మా పుష్యమాసపు చలి మహా అయితే పదిహేను, పదహారు డిగ్రీలు, నిజమే. కానీ ఆ గుడారానికి రెండంగుళాల గోడ కూడా లేదు. ఇంతకంటే తక్కువ సామానుతో ఎవరూ బతకలేరు, అయినా వాళ్ల దగ్గర ఆ కిటుకు నేర్చుకోవడానికి ఎవరూ రారు. వాళ్ల పిల్లలు ఆ నెలలు బడికి దూరమవుతారు. ఆర్వీలో పిల్లలు బడి మానితే దాన్ని లోకమే పాఠశాల అంటారు.

ఇంకా వెనక్కి పోతే కథ మరీ ఘాటుగా ఉంటుంది. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన ఎరుకలవాళ్ల వ్యాపారాన్ని రైలు మింగేసింది. ఆ తర్వాత సర్కారు వాళ్ల తిరుగుడునే నేరం చేసింది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు, 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ చుట్టారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సెటిల్‌మెంటు పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించి, అక్కడినుంచి కదలాలంటే అనుమతి అడగాలన్నారు. 1952కి గానీ ఆ చట్టం దేశమంతటా రద్దు కాలేదు. స్థిరమైన ఇల్లు లేకపోవడం వాళ్ల మీద మోపిన మొదటి అనుమానం.

అమెరికాలో ఇప్పుడు స్థిరమైన ఇల్లు లేనివాడికి సౌత్ డకోటా ఉంది. ఉత్తరాలు అందుకునే సంస్థ దగ్గర ఒక చిరునామా తీసుకుని, ఆ రాష్ట్రంలో ఒక్క రాత్రి బస చేసినట్టు రసీదు చూపిస్తే డ్రైవింగు లైసెన్సు చేతిలో పెడతారు. అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ప్రకృతి పిలుపు విని ఇల్లొదిలామని చెప్పేవాళ్లు చాలామంది చిరునామా అక్కడే పెట్టుకున్నారు. ఆ పిలుపు పన్ను లేని దిక్కునుంచే ఎందుకు వినిపిస్తుందో మరి. మన దగ్గర సంచార కులాలవాడు కులధ్రువీకరణ పత్రానికి వెళితే, ముందు నివాసం రుజువు తెమ్మంటారు. తిరగడమే కులవృత్తి అయినవాడు నివాసం రుజువు తెస్తేగానీ తిరుగుతున్నాడని నమ్మరు.

కేరళ 2021లో క్యారవాను పర్యాటకానికి విధానం ప్రకటించింది. మన రాష్ట్రం కూడా ఆ బాటే పట్టింది. మంచిదే, రేపో మాపో నాగార్జునసాగర్ దారిలో మాకూ ఒక క్యారవాను పార్కు రావచ్చు. బళ్లు ఆగడానికి సిమెంటు చదును, ప్రతి బండికీ కరెంటు పాయింటు, మంచినీళ్ల కుళాయి, మరుగుదొడ్డి, చుట్టూ కంచె, గేటు దగ్గర వాచ్‌మన్. జనవరి నెలలో ఆ కంచె అవతలి మిరప చేలో కోసిగి కుటుంబాలు పట్టాలు కప్పుకుని దిగుతాయి. ఒక ఆడమనిషి బిందె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చి నీళ్లడుగుతుంది. వాచ్‌మన్ రిజిస్టరు తెరిచి, పెన్ను తీసి, బండి నంబరు చెప్పమంటాడు.