కొంగను చూడకుండానే పక్షిప్రేమికుడు అనిపించుకోవడం ఎలా?

పామిడిలో ఉంటూ నీటిపక్షుల ఫొటోలు తీస్తానంటే జనం నవ్వుతారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకే మొహం వాచిన సీమ, పెన్నలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. నవ్వితే నవ్వనివ్వండి. 44వ నంబరు హైవే మీద బెంగళూరు వైపు పోతే చిలమత్తూరు మండలంలో వీరాపురం తగులుతుంది. అక్కడ ఊళ్ళోని చింతచెట్ల మీదే ఎర్రకాళ్ళ కొంగలు, అదే పెయింటెడ్ స్టార్కులు, ఏటా గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. అవి రావడమే ఊరికి శుభమని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ నమ్మకంతో మనకు పనిలేదు. మనకు కావలసింది స్టేటస్‌లో ఒక ఫొటో, కింద నూరు లైకులు.

1. నెల సరిగ్గా ఎంచుకోండి. కొంగలు జనవరి ప్రాంతంలో వచ్చి, పిల్లలకు రెక్కలు ముదిరాక ఆగస్టు నాటికి వెళ్ళిపోతాయి. అందుకని నవంబరులో బయల్దేరండి. ఖాళీ చెట్టు కింద నిలబడి "వాతావరణం మారిపోయింది సార్" అని నిట్టూర్చండి. ఇంత చవగ్గా మేధావి అయ్యే దారి ఇంకోటి లేదు. ఇంట్లోవాళ్ళ పోరు పడలేక మార్చిలోనే పోవాల్సివస్తే కింది చిట్కాలు పాటించండి.

2. మూడు గంటలకు అలారం పెట్టండి, మోగగానే నొక్కేయండి. పెట్టామన్న పుణ్యం దక్కింది కదా. ఎనిమిదికి ఉగ్గాని, బజ్జీ తినండి. రెండో ప్లేటు మొహమాటానికి తినండి. పెనుకొండ దాటకముందే కియా ఫ్యాక్టరీ దగ్గర సెల్ఫీలు దిగండి. ఎండ నడినెత్తికి వచ్చాక ఊళ్ళోకి అడుగుపెట్టండి. ఆ వెలుగులో కొంగ తెల్లగా, ఆకాశం తెల్లగా, ఫొటో అంతా తెల్లగా వస్తుంది. ఎవరైనా అడిగితే అది మీ శైలి అనండి.

3. బట్టల ఊరి నుంచి పోతూ మట్టిరంగు చొక్కా వేసుకుంటే పామిడి పరువు పోతుంది. బజారులో అన్నిటికంటే మెరిసే నిమ్మపండు రంగు చొక్కా కొనండి. పక్షులకు రంగులు మనకంటే బాగా కనిపిస్తాయట, కష్టపడి కొన్నందుకు చూసేవాళ్ళుండాలి.

4. కెమెరా బావమరిదిది తీసుకోండి, వాడటం మాత్రం అడక్కండి, చులకనైపోతారు. ఎగిరే పక్షికి సెకనులో రెండువేలవ వంతు షట్టర్ స్పీడు పెట్టమంటారు. మీరు ముప్ఫయ్యో వంతు పెట్టండి. కొంగ బదులు బూడిదరంగు గీత పడుతుంది. దాన్ని కళ అనండి. బావమరిది ఏమన్నా అంటే లెన్సు బాలేదనండి.

5. ఇది అసలు చిట్కా, నిదానంగా చదవండి. గూట్లో నిలబడ్డ కొంగ ఫొటోకు లైకులు రావు, ఎగిరేది కావాలి. ఎండ మండేవేళ తల్లికొంగ గూటి అంచున రెక్కలు చాచి, కదలకుండా, పిల్లలకు నీడ పట్టి నిలబడుతుంది. ముక్కు కాస్త తెరిచి రొప్పుతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడు చప్పట్లు కొట్టండి. లేవకపోతే కారు హారను. అప్పటికీ లేవకపోతే పిడికెడు గులకరాళ్ళు. తల్లి లేస్తుంది, మీకు ఒక్క క్లిక్కు దొరుకుతుంది. ఇంకా ఈకలు రాని పిల్లలు ఎండకు మాడతాయి, ఒకటో రెండో తొట్రుపడి కింద పడతాయి. పడ్డదాన్ని చేతిలోకి తీసుకుని "కాపాడాను" అని ఇంకో ఫొటో దిగండి. ఒకే రాయికి రెండు పోస్టులు.

ఇందులో ఒక అదనపు గౌరవం కూడా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పక్షుల గూళ్ళను, గుడ్లను కదిలించినా వేట కిందికే వస్తుంది. తుపాకీ లేదు, లైసెన్సు లేదు, ఉగ్గాని ఖర్చుతో వేటగాడైపోయారు. మీ తాతకు కూడా దక్కని హోదా.

6. స్పీకరులో కొంగ అరుపు పెట్టండి. పెద్ద కొంగలకు దాదాపు గొంతే ఉండదు, ముక్కులు టకటకలాడించుకుంటాయి. అంటే నిజమైన అరుపు ఎవరికీ తెలియదు. ధైర్యంగా నెమలి కూత పెట్టేయండి.

7. పక్కనున్న చెరువులో కొంగలు మేస్తుంటే కారును గట్టు మీద ఆపకండి, లోపలికే దించండి. లోతులేని నీళ్ళలో ముక్కు సగం తెరిచి కదుపుతూ, చేప తగలగానే టక్కున మూసేస్తాయి. ఆ బురద కొంగకాళ్ళకు సరిపోతుంది, మీ టైర్లకు సరిపోదు. దిగబడగానే ఊళ్ళోకి పోయి ట్రాక్టరు అడగండి. ఇందాక రాళ్ళు వేసింది వీళ్ళ చెట్ల మీదే అన్నది గుర్తు చేయకండి.

8. "ఏమప్పా, పిల్లలున్నాయి కదా, ఎందుకు లేపుతావు?" అని ఏ పెద్దాయనో అడుగుతాడు. దీనికి 2022లో అనంతపురం జిల్లా చీలడం మనకు మహోపకారం. మంచినీళ్ళు, ట్రాక్టరు కావాలంటే "మనమంతా అనంతపురమోళ్ళమే కదా పెద్దాయనా" అనండి. అటవీశాఖకు ఫోను చేస్తానంటే మాత్రం "మాది అనంతపురం, మీది సత్యసాయి జిల్లా, మీ పద్ధతులు మాకెట్లా తెలుస్తాయి?" అని అడ్డం తిరగండి. చేపల కంపు, చొక్కా మీద రెట్ట గురించి మీరే ముందు ఫిర్యాదు చేస్తే ఇంకా మంచిది. ఆ కంపును నెలలకొద్దీ భరిస్తున్న మనిషి నోరు మూతపడుతుంది.

9. ఫొటో కింద "సైబీరియా నుంచి వేల మైళ్ళు ఎగిరొచ్చిన అతిథులు" అని రాయండి. ఈ కొంగలు మన దేశపువే, సైబీరియాతో వాటికి సంబంధం లేదు. అయితే ఏం, దూరం పెరిగేకొద్దీ లైకులు పెరుగుతాయి. ఫలానా చెట్టు, ఫలానా గూడు అని లొకేషను కూడా పెట్టండి. తర్వాత వచ్చేవాళ్ళకు గులకరాళ్ళు ఎక్కడ ఏరుకోవాలో తెలియాలి.

10. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. పేరు ఇచ్చేయండి, చెరువుకు మాత్రం పోకండి. ఇంట్లోనే పడుకుని నలభైకి పక్కన సున్నా చేర్చి నాలుగువందలని పంపండి. పక్షులు పెరిగినట్టూ ఉంటుంది, మీరు తిరిగినట్టూ ఉంటుంది. రిమార్కులు అడిగితే "పక్షులకు ఎలాంటి ఇబ్బందీ కలిగించలేదు" అని రాసి సంతకం పెట్టండి. ఆ ఒక్క రోజుకు అది నిజమే.